ఊరున్న సినిమా

2018 సెప్టెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం మా నాన్నను వెంటబెట్టుకుని విశాఖపట్నంలో సినిమాకు వెళ్లాను. ఆయన మర్రిపాలెం డీజిల్ లోకో షెడ్డులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి. అమ్మ పోయిన తరువాత హాలుకు వెళ్లడం పూర్తిగా మానేశారు. నేను హైదరాబాదు నుంచి సెలవు మీద వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక సినిమాకు రమ్మని అడగడం, ఆయన మోకాళ్ల నొప్పి చెప్పి తప్పించుకోవడం మాకు అలవాటైపోయింది. ఆ రోజు మాత్రం సినిమా పేరులో మన విశాఖలోని కంచరపాలెం వాడ పేరు వినగానే పడక కుర్చీలోంచి లేచి కూర్చున్నారు. "కంచరపాలెం మీద సినిమా ఏటమ్మా? అక్కడేటుందని?" అన్నారు. అడగడం అడిగారే గాని, పది నిమిషాలలో చొక్కా మార్చుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు.

‘కేరాఫ్ కంచరపాలెం’ మొదలైన పావుగంట వరకు నాన్న కథలోకి రాలేదు. ఆయన గుర్తుపట్టే పనిలో ఉన్నారు. ఒక సందు మలుపు, ఒక ఇంటి అరుగు, ఎండలో వెలిసిన నీలం రంగు గోడ, ఏటవాలుగా పైకి పోయే మెట్లు, ఇలా ఒక్కొక్కటీ తెర మీదకు రాగానే నా మోచేతిని తట్టి, "అదిగో, ఆ గోడ పక్కనుంచే కదేటి మనం బజారుకెల్లేవోళ్లం" అంటున్నారు. ముందు వరుసలో ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు. విసుక్కుంటాడేమో అనుకున్నాను గాని, "మాది కూడా అక్కడేనండి" అని చెప్పి మళ్లీ తెర వైపు తిరిగాడు. ఆ తరువాత ఎప్పుడో, బహుశా ఒరిస్సా నుంచి బదిలీ మీద వచ్చిన అధికారిణి, పెళ్లి కాకుండానే నలభై తొమ్మిదేళ్లు వచ్చేసిన అటెండరుతో మాట్లాడుతున్నప్పుడు, నాన్న చెయ్యి నా మోచేతి మీద నుంచి తీసేశారని గమనించాను. ఆయన గోడలను మరిచిపోయి మనుషులను చూడడం మొదలుపెట్టారు. ఇంటికి వచ్చే దారిలో ఆటోలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. బాగా నచ్చినదాని గురించి వెంటనే మాట్లాడలేకపోవడం ఆయన స్వభావం.

ఆ సినిమా దర్శకుడు వెంకటేశ్ మహాకు అది మొదటి చిత్రం. నిర్మాత పరుచూరి విజయ ప్రవీణ అమెరికాలో వైద్యురాలు. అందులో ఒక ముఖ్య పాత్రను కూడా ఆమే పోషించారు. విడుదల సమయానికి రానా దగ్గుబాటి సమర్పకుడిగా నిలబడడం వల్ల హాళ్లు దొరికాయి. తెర మీద కనిపించిన మనుషులలో ఎనభై మందికి పైగా అంతకుముందు కెమెరా ముందు నిలబడనివారు, అందులోనూ ఎక్కువమంది ఆ వాడవారే. ఈ వివరాలన్నీ నాకు తరువాత తెలిశాయి. ఆ మధ్యాహ్నం నాకు తెలిసింది ఒక్కటే: నలభై ఏళ్లుగా మేము మసలిన ఒక చోటికి ముఖం ఉందని, ఆ ముఖాన్ని ఎవరో శ్రద్ధగా చూశారని.

అప్పటినుంచి నాలో ఒక ఆలోచన పెరుగుతూ వచ్చింది. చిన్న సినిమాలలో నన్ను పట్టి నిలిపేది వాటి వినయమూ కాదు, పేదరికమూ కాదు. వాటికి ఊరుంటుంది. ఖర్చు పెరిగే కొద్దీ సినిమా నుంచి ముందుగా జారిపోయేది ఊరే.

ఇది ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. వందల కోట్లు పెట్టి తీసిన సినిమా ఆ డబ్బును తెలుగువారి దగ్గర మాత్రమే రాబట్టుకోలేదు. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలు, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని సినిమా పంపిణీదారులు పాతకాలం నుంచి పంచుకుంటూ వచ్చిన ప్రాంతాలన్నీ కలిపినా దానికి చాలదు. హిందీ, తమిళం, కన్నడం, మలయాళం మాట్లాడేవారందరూ అదే వారం హాలుకు రావాలి. రావాలంటే వారికి తెలియనిదేదీ తెర మీద ఉండకూడదు. పెళ్లిలో ఎవరు ఎవరికి బట్టలు పెట్టాలి, మేనమామ ఎక్కడ కూర్చోవాలి, ఏ కూర వండకపోతే వియ్యంకుడికి కోపం వస్తుంది అన్న సంగతులు మన ఇళ్లలో పదేళ్ల వైరాలకు కారణమవుతాయి గాని, ఐదు భాషలలో ఒకేసారి వివరించడానికి కుదరవు. సామెతలు పోతాయి, ఎందుకంటే పెదవుల కదలికకు సరిపడేలా మరో భాషలో సామెత దొరకదు. యాస పోతుంది. చివరికి రాజ్యం పేరు ఎక్కడా లేని పేరవుతుంది, కాలం ఏ కాలమో తెలియదు, నాయకుడు పుట్టిన ఊరు ఏ పటంలోనూ ఉండదు. ఇదంతా దర్శకుల చేతకానితనం వల్ల జరుగుతోందని నేను అనుకోను. పెట్టిన డబ్బు తిరిగి రావాలన్న అక్కర వాళ్ల చేత అలా రాయిస్తుంది.

పెద్ద సినిమాల మీద నాకు ద్వేషం లేదు. 2017లో ‘బాహుబలి’ రెండో భాగాన్ని మొదటి వారంలోనే చూశాను, ఒళ్లు పులకరించింది. 2023 మార్చిలో ఒక తెలుగు పాటకు ఆస్కారు వచ్చిన రోజు మా ఆఫీసులో మిఠాయిలు పంచినవారిలో నేనూ ఉన్నాను. పైగా, ఖర్చుకు ఊరితో పుట్టుకతోనే విరోధం ఉందని చెప్పడానికి వీలులేకుండా మనకు ‘మాయాబజార్’ ఉంది. 1957లో అది చిన్న ఖర్చుతో తీసిన సినిమా కాదు. విజయా సంస్థ కట్టించిన సెట్లు, మార్కస్ బార్‌ట్లే చేసిన కెమెరా మాయలు ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉన్నాం. అయినా అందులోని ద్వారక మన పెళ్లివారిల్లులాగే ఉంటుంది, ఘటోత్కచుడి ముందు పరిచిన వంటకాలు మన వంటశాలలోంచి వచ్చినవే. దీనికి కారణం వెతికితే ఒక విషయం కనిపిస్తుంది. ఆ సినిమాను తమిళంలో కూడా తీశారు. కాని తెలుగు సినిమా మీద తమిళ మాటలు అతికించి సరిపెట్టుకోలేదు, తమిళులకు వేరేగా చిత్రీకరించారు. తెలుగులో అక్కినేని వేసిన అభిమన్యుడి వేషాన్ని తమిళంలో జెమినీ గణేశన్ వేశారు. అంటే ఎవరి సినిమా వారికి దక్కింది. ఇప్పుడు ఒక్క సినిమాయే అందరిదీ కావాల్సి వస్తోంది, అందువల్ల అది ఎవరి ఇంటిలోనూ పుట్టినట్టుగా అనిపించదు.

చిన్న సినిమాకు ఆ భారం లేదు. అది ఒక జిల్లావారిని మెప్పించగలిగినా బతికిపోతుంది. తనకున్న డబ్బుతో సెట్టు వెయ్యలేదు గనుక ఉన్న వీధిలోనే తియ్యాలి. పేరున్న నటులను పిలవలేదు గనుక ఆ వీధి మనుషులనే పిలవాలి. లేమి వల్ల చేసిన ఈ రెండు పనులే దానికి బలమవుతాయి.

అయితే ఈ పని అన్ని కాలాలలోనూ ఇంత సులువు కాదు. ఫిలిం మీద సినిమాలు తీసిన రోజులలో నాలుగు వందల అడుగుల చుట్ట నాలుగున్నర నిమిషాలకే అయిపోయేది, వెయ్యి అడుగుల రీలు సుమారు పదకొండు నిమిషాలు వచ్చేది. కెమెరా తిరుగుతున్న ప్రతి క్షణం డబ్బు కాలిపోతున్నట్టే లెక్క. ఎప్పుడూ నటించని ఒక కూరగాయల వ్యాపారిని తెచ్చి నిలబెట్టి, అతను బిగుసుకుపోయినప్పుడల్లా "పరవాలేదు, మళ్లీ చెప్పు" అనడం ఆ రోజులలో డబ్బున్నవారికి కూడా సాధ్యమయ్యేది కాదు. డిజిటల్ కెమెరాలు వచ్చిన తరువాత ఆ భయం పోయింది. అతను పదిసార్లు తడబడవచ్చు, పదకొండోసారి కెమెరా ఉందని మరిచిపోయి తన ఇంటిలో మాట్లాడినట్టు మాట్లాడవచ్చు. ఆ పదకొండోసారి కోసమే దర్శకుడు కాచుకుని కూర్చుంటాడు.

మాట విషయంలోనూ ఇలాంటి మార్పే వచ్చింది. మన సినిమాలలో చాలాకాలంగా నటులు చిత్రీకరణ సమయంలో పెదవులు కదిపి, తరువాత స్టూడియోలో మాటలు చెప్పేవారు. కథానాయికకు అయితే తరచుగా మరొకరి గొంతు ఉండేది. 2016లో తరుణ్ భాస్కర్ తీసిన ‘పెళ్ళిచూపులు’ సింక్ సౌండ్‌తో, అంటే చిత్రీకరిస్తున్నప్పుడే మాటను రికార్డు చేసి తీసిన సినిమా. ‘కేరాఫ్ కంచరపాలెం’ కూడా అంతే. ఆ పద్ధతిలో మాటతో పాటు మాట చుట్టూ ఉన్నదంతా వస్తుంది. చెప్పబోయి ఆగినప్పటి ఊపిరి, టీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు, దూరంగా ఎవరో ఎవరినో పిలుస్తున్న కేక. స్టూడియోలో చెప్పిన మాట శుభ్రంగా ఉంటుంది గాని దానికి గాలి తగలదు. ‘పెళ్ళిచూపులు’కు ఉత్తమ తెలుగు చిత్రంతో పాటు మాటలకు కూడా జాతీయ పురస్కారం రావడంలో ఈ గాలికి వాటా ఉందని నా నమ్మకం.

ఇక చేతుల గురించి చెప్పాలి. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. భారీ చిత్రాలలో నటులు పచ్చతెర ముందు నిలబడి లేని కోటను చూస్తారు, లేని ఏనుగును తాకుతారు. వాళ్ల చేతులకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మెరుగైన కంప్యూటరు పనితనం కోటను కట్టి ఇవ్వగలదు గాని, బరువైన వస్తువును ఎత్తినప్పుడు మణికట్టు మీద తేలే నరాన్ని ఇవ్వడం కష్టం. 2019లో వచ్చిన ‘మల్లేశం’ చూసినప్పుడు ఈ తేడా నాకు స్పష్టంగా తెలిసింది. పోచంపల్లి చీర నేసేముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో గుచ్చిన పుల్లల చుట్టూ దారాన్ని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు చుట్టుకుంటూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి కొన్ని వేలసార్లు ఆడాలి. ఇంటి ఆడవాళ్లు చేసే పని ఇది, చేసి చేసి భుజాలు పడిపోతాయి. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ సంగతి నేను పత్రికలో చదివాను, మెచ్చుకున్నాను, మరిచిపోయాను. సినిమాలో తల్లి చెయ్యి దారంతో అటూ ఇటూ సాగుతున్నప్పుడు మాత్రం నా కుడి భుజం దానంతట అదే బిగుసుకుంది. ఆ కదలికను దర్శకుడు రాజ్ తొందరపడి కత్తిరించలేదు. ఒక చెయ్యి పనిచేస్తూ ఉండగా కథను కాసేపు ఆపి చూపించే తీరిక ఖరీదైన సినిమాకు దొరకదు; అక్కడ ప్రతి నిమిషానికీ ఒక లెక్క ఉంటుంది, నాయకుడు ఎప్పుడు రావాలి, విరామానికి ముందు ఏం పేలాలి అన్నది ముందే తీర్మానమై ఉంటుంది.

గుంటూరులో హోటలు పెట్టాలనుకున్న కుర్రవాడి చేతి బొంబాయి చట్నీ మీద 2020లో ‘మిడిల్ క్లాస్ మెలోడీస్’ అనే ఒక సినిమా అంతా నిలబడగలిగింది. ఆటోలో ఎవరో మరిచిపోయిన కెమెరాతో పల్లెవాళ్లు సినిమా తియ్యబూనడం మీద 2021లో ‘సినిమా బండి’ నడిచింది. ఈ రెండూ హాళ్లకు రాకుండా నేరుగా ఓటీటీలో వచ్చినవి, ఇంట్లో కూర్చుని చూశాను. బాగున్నాయి. కాని ఇంటిలో ఒంటరిగా చూసినప్పుడు కలగని అనుభవం ఒకటి మరో రెండేళ్లకు, నాది కాని ఊరిలో నాకు కలిగింది.

2023 ఏప్రిల్‌లో నాతో పనిచేసే అమ్మాయి వాళ్ల అక్క పెళ్లికి సిరిసిల్ల దగ్గర ఒక పల్లెకు వెళ్లాను. పెళ్లికి ముందురోజు సాయంత్రం గ్రామ పంచాయతీ కార్యాలయం ముందు రెండు కర్రలు పాతి తెల్లటి గుడ్డ కట్టారు. చీకటి పడేసరికి ఊరు ఊరంతా చాపలూ గోనెసంచులూ తెచ్చుకుని కూర్చుంది. ‘బలగం’ వేశారు. మార్చి 3న విడుదలైన ఆ సినిమాను అప్పటికే తెలంగాణ పల్లెలలో ఇలా ఊరుమ్మడిగా చూస్తున్నారని వార్తలలో చదివాను గాని, అలా చూడడం ఎలా ఉంటుందో ఊహించలేదు. దర్శకుడు వేణు యెల్దండి సిరిసిల్ల ప్రాంతంవాడే. అంతకుముందు హాస్యనటుడిగా అందరికీ తెలుసు. కథ చాలా చిన్నది. కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. మూడో రోజు పిట్టకు పెడతారు, కాకి ముట్టదు. ఐదో రోజూ ముట్టదు. ఇంటి అల్లుడికీ బావమరుదులకూ మధ్య ఇరవై ఏళ్లుగా మాటలు లేవు, అది కూడా విందులో ఒక నల్లి బొక్క, అంటే మాంసంలోని మూలుగ ఎముక, దగ్గర వచ్చిన తగవు.

నల్లి బొక్క కోసం తగవు పడతారా అని నవ్వేవారు ఉంటారు. అక్కడ ఎవరూ నవ్వలేదు, లేదా నవ్వినవారు వెంటనే ఆపేశారు. బంధువుల మధ్య గౌరవం అనేది ఆకులో ఏ ముక్క పడిందన్న దానిలోనే ఉంటుందని, ఆ ముక్క వెనుక పెట్టినవాళ్ల చూపు ఉంటుందని ఆ చాపల మీద కూర్చున్న ప్రతివారికీ తెలుసు.

నా పక్కన డెబ్బై ఏళ్లు దాటిన ఒక అవ్వ కూర్చుంది. కాకి రాకుండా చెట్టు మీద ఉండిపోయిన దృశ్యంలో ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంతసేపటికి తెర వైపే చూస్తూ, నన్ను ఎవరనుకుందో ఏమో, "మా పెద్దన్న పోయినప్పుడు గూడ గిట్లనే ముట్టలే బిడ్డా. పొద్దుగూకేదాక కూసున్నం. ఆయన మనసుల ఏమున్నదో గిప్పటికి తెల్వది" అంది. నేను ఏమీ అనలేకపోయాను. పదకొండో రోజు పాట మొదలైనప్పుడు ఆ గుంపులో వెనుక వరుసలలో మగవాళ్లు కూడా ఏడుస్తున్నారు. ఆ పాట పాడిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ సినిమా గాయకులు కారు. చావు జరిగిన ఇళ్లకు వెళ్లి పోయినవారి కథను పాడి, ఇంటివారి చేత ఏడిపించి, గుండె బరువు దింపే సంప్రదాయంలోనివారు. అసలైన ఆ గొంతులనే దర్శకుడు తెచ్చి పెట్టాడు. ఎంత పేరున్న గాయకుడు పాడినా ఆ గుడ్డ ముందు కూర్చున్నవారు దాన్ని పాటగానే వినేవారేమో. ఆ రాత్రి వాళ్లు దాన్ని తమ ఇంటి ముందు విన్నట్టు విన్నారు.

నేను ఉత్తరాంధ్ర మనిషిని. ఆ సినిమాలోని మాటలు కొన్ని నాకు మొదటిసారి అర్థం కాలేదు. దానికి నేను బాధపడలేదు. ఎన్నో ఏళ్లపాటు తెలంగాణ యాస, మా ఉత్తరాంధ్ర యాస మన సినిమాలలో హాస్యగాళ్ల నోట, లేకపోతే రౌడీల నోట మాత్రమే వినిపించాయి. నాయకుడు ఏ ఊరివాడైనా ఒకే రకమైన పత్రికాభాష మాట్లాడేవాడు. ఇంటిలో మాట్లాడే మాటను నలుగురిలో నవ్వుకోవడానికి వాడుతున్నారని చిన్నప్పుడు నాకు చాలా సిగ్గుగా ఉండేది. కాలేజీలో చేరిన కొత్తలో నా మాటలో యాస దొర్లకుండా జాగ్రత్త పడేదాన్ని. అందువల్ల తెర మీద ఒక తండ్రి, ఒక కూతురు, ఒక అల్లుడు తమ మాటలోనే కోపగించుకుని తమ మాటలోనే కుమిలిపోవడం చూసినప్పుడు, అది నా యాస కాకపోయినా, నాకు నా మాట తిరిగి దొరికినట్టయింది.

ఇటువంటి సినిమాలు నిలబడడానికి కాలం కావాలి. అదే వాటికి దొరకడం లేదు. 1980 ఫిబ్రవరి 2న ‘శంకరాభరణం’ విడుదలైనప్పుడు దానిలో తారలు లేరు. ప్రధాన పాత్ర వేసిన జె.వి. సోమయాజులు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేస్తూ నాటకాలు ఆడిన మనిషి. హాళ్లు మెల్లగా నిండాయి, ఒకరు చెప్పగా మరొకరు వెళ్లారు. దాదాపు అదే కాలంలో వచ్చిన ‘మా భూమి’ హైదరాబాదులో ఉదయపు ఆటలుగానే ఏడాది పాటు నడిచింది. ఉదయం ఆట అనేది అప్పట్లో చిన్న సినిమాకు ఒక అరుగులాంటిది. అక్కడ కూర్చుని జనం తనను గమనించేదాకా వేచి ఉండేది. ఇప్పుడు శుక్రవారం విడుదలైన సినిమా ఆదివారం సాయంత్రానికల్లా తన సత్తా తేల్చుకోవాలి. పెద్ద సినిమాకు ప్రభుత్వాల ప్రత్యేక అనుమతితో టికెట్టు ధర పెంచుకునే వీలు ఉంటుంది, తెల్లవారకముందే ఆటలు పడతాయి, ఊరిలోని అన్ని హాళ్లూ దానివే. చిన్న సినిమాకు మిగిలేది ఎవరికీ కుదరని వేళలో ఒక ఆట. దానికి తోడు హాలులో డిజిటల్ పద్ధతిలో ప్రదర్శించినందుకు కట్టవలసిన రుసుములు చిన్న నిర్మాతకు మోయలేని బరువు. ఆ రుసుముల మీద 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు కొత్త సినిమాల విడుదలే ఆపేశారు. అప్పుడు ఎంతో కొంత సర్దుబాటు జరిగింది గాని బరువు పూర్తిగా దిగలేదు.

దీనిని నేను స్వయంగా అనుభవించాను. రెండేళ్ల కిందట హైదరాబాదులో ఒక చిన్న సినిమాకు శుక్రవారం మధ్యాహ్నం సగం రోజు సెలవు పెట్టుకుని వెళ్లాను. హాలులో ఏడుగురం ఉన్నాం. ఆట మొదలుకావలసిన సమయం దాటి ఇరవై నిమిషాలయ్యాక ఒక కుర్రవాడు వచ్చి, కనీసం పదిమందైనా లేకపోతే వెయ్యలేమని, అదే టికెట్టు మీద పక్క తెరలో ఆడుతున్న పెద్ద సినిమా చూడవచ్చని చెప్పాడు. మాలో ఇద్దరు అటు వెళ్లారు. మిగిలిన ఐదుగురం డబ్బులు వెనక్కి తీసుకున్నాం. మెట్లు దిగుతున్నప్పుడు వాళ్లలో ఒకతను ఫోనులో "లేదన్నా, మనది పడలేదు" అంటున్నాడు. ‘మనది’ అనడం విని ఆగాను. అతను ఆ సినిమాకు సహాయ దర్శకుడట. నాలుగు సంవత్సరాలు పనిచేశానని, తన పేరు తెర మీద ఎలా పడుతుందో చూద్దామని వచ్చానని చెప్పాడు. ఆ సినిమా మరుసటి వారం ఎక్కడా లేదు. ఆట వెయ్యలేమని చెప్పిన కుర్రవాడి తప్పేమీ లేదు, విద్యుత్తు ఖర్చు కూడా రాని ఆట వెయ్యమని ఏ హాలు యజమానినీ నేను బలవంతపెట్టలేను. అయినా ఆ మెట్ల మీద విన్న మాట నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఖర్చు తక్కువైనంత మాత్రాన సినిమా మంచిదైపోదని కూడా నాకు తెలుసు. ప్రతి వారం వచ్చే చిన్న సినిమాలలో చాలావరకు పెద్ద సినిమాకు చవక నకళ్లు. నాలుగు కార్లకు బదులు ఒక కారు గాలిలోకి లేస్తుంది, విదేశంలో పాటకు బదులు రిసార్టులో పాట ఉంటుంది. వాటిలోనూ ఊరు ఉండదు. తమ దగ్గర లేని డబ్బు ఉన్నట్టు నటించడానికే వాళ్ల శక్తి అంతా అయిపోతుంది. వాటిని చిన్న సినిమా అన్న జాలితో మెచ్చుకుంటే నిజాయితీగా తీసినవారికి అన్యాయం చేసినట్టే అవుతుంది. నేను ఆ జాలి చూపడం మానేశాను. బాగా లేకపోతే బాగాలేదనే చెబుతాను. బాగుంటే మాత్రం ఆ రాత్రే పదిమందికి ఫోను చేసి, సోమవారం లోపల చూడమని బతిమాలుతాను.

ఆ పదిమందిలో మొదటివారు నాన్నే. ‘బలగం’ ఆయన ఓటీటీలో చూసి, "నల్లి బొక్కంటే ఏటమ్మా?" అని అడిగారు. చెప్పాను. కాసేపు ఊరుకుని, మా మేనత్త పెళ్లిలో పెళ్లికొడుకు బాబాయికి చాప కాకుండా బెంచీ వేసినందుకు ఆయన భోజనం చెయ్యకుండా లేచిపోయిన సంగతి చెప్పారు. నేను పుట్టకముందు జరిగిన ఆ సంగతి అంతవరకు నాకెవరూ చెప్పలేదు.

మొన్న ఫోనులో మరో సంగతి చెప్పారు. కంచరపాలెం రైతుబజారుకు వెళితే అక్కడ ఒకతను తెలిసిన ముఖంలా అనిపించాడట. ఎక్కడ చూశానా అని అరగంట తిరిగి, చివరికి గుర్తొచ్చి వెనక్కి వెళ్లారట. ‘కేరాఫ్ కంచరపాలెం’లో ఒక్క నిమిషం కనిపించిన మనిషి. "వొంకాయలు తూస్తన్నాడమ్మా. నిన్ను సినిమాలో చూశానయ్యా, బాగా చేశావు అన్నాను. అవునండీ అని తల వొంచుకున్నాడు. మరి నాలుగు వొంకాయలు ఎక్కువేశాడు, వొద్దంటే వినలేదు" అన్నారు నాన్న.